ఉమ్మడి పట్టా

తొమ్మిదింటికి చరిత్ర.
పదకొండింటికి రాజకీయం.
మధ్యలో గుట్ట, గుట్ట మీద వాన.
అబెరిస్ట్విత్‌లో వానని కూడా ఎదురెక్కాలి.

రైనాల్ట్ మాస్టారి గదిలో అందరూ చనిపోయినవాళ్ళే,
అందుకేనేమో ఆయన గొంతు పెంచడు.
ఒక పాత కాగితం చూపించి అడుగుతాడు:
ఎవరి చేతిరాత ఇది? ఏ రోజున?
సిరా ఆరకముందు ఎవరు చదివారు?
గుట్ట దిగేసరికి సిరియోల్ మేడం నిలబడే ఉంటుంది,
కుర్చీ ఉన్నది ఆమె కోటు ఆరడానికి.
"ఎవరికి లాభం?" అంటుంది.
గుడ్ మార్నింగ్‌కి బదులు అదే అంటుంది.

పట్టా మీద రెండు పేర్లూ పడతాయట,
నడుమ, నోటితో ఎవరూ అనని ఒక 'మరియు'.
ఆ 'మరియు'లోనే నా మూడేళ్ళ కాపురం.

మొదటి ఏడాది రెండు నోట్‌బుక్కులు.
ఎర్ర అట్టలో గెలిచారు, ఓడారు, సంతకం పెట్టారు.
నీలం అట్టలో గెలుస్తారు.
రోజూ గెలుస్తారనా, రేపు గెలుస్తారనా?
క్రియ చెప్పదు, మనమే కనిపెట్టుకోవాలి.
రెండో ఏడాది డబ్బు చాలక ఒక్కటే కొన్నాను.
ముందు నుంచి ఒకటి, వెనక నుంచి ఒకటి
రాసుకుంటూ వస్తే
మార్చి నెలలో రెండూ ఎదురుపడ్డాయి.
ఆ పేజీ మా ఊరిది.

నాంట్‌వెన్. ఇరవై రెండు ఇళ్ళు, ఒక చాపెల్,
లెక్కపెడితే నిద్దరొచ్చేటన్ని గొర్రెలు.
బడి ఉండేది, నేను పుట్టకముందు.
పైవాళ్ళు మూసేశారని వింటూ పెరిగాను.
పైవాళ్ళంటే లండన్‌వాళ్ళు, కార్డిఫ్‌వాళ్ళు, కౌన్సిలువాళ్ళు,
ఆ పూట ఎవరి మీద కోపముంటే వాళ్ళు.

పెన్సిలు తప్ప ఏదీ లోపలికి రానివ్వని
రికార్డుల గదిలో మినిట్స్ పుస్తకం తెరిచాను.
బడి మూసివేతకు అనుకూలం: తొమ్మిది చేతులు.
పేర్లూ రాశారు.
నాలుగోది ఎలూనెడ్. మా అమ్మమ్మ.

పెన్సిలు ముల్లు విరిగిందంటే బాగుండేది.
విరగలేదు. ఎక్కించుకున్నాను, పేజీ నంబరుతో సహా.

మాస్టారన్నాడు: రాసినవాడెవడో ముందు ఆరా తియ్యి,
ఎత్తని చెయ్యి ఎత్తించడం కలానికి చిటికెలో పని.
మేడం అంది: ఆవిడకేం దక్కిందో చూడు.
ఆవిణ్ణే అడగమని
ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు.

శనివారం వెళ్ళాను. పెనం మీద కేకులు కాలుస్తోంది.
చెయ్యెత్తావా, అన్నాను.
ఎత్తాను, అంది, కేకు తిరగేస్తూ.
"బడిలో పదకొండుమంది పిల్లలు. మరుసటేడు ఏడుగురు.
అది వదులుకుంటే బస్సు వేస్తామన్నారు.
మీ అమ్మకి తొమ్మిదేళ్ళు,
ఆ ఒక్క గదిలో ఇంకెన్నేళ్ళు కూచుంటుంది?
నేను ఎత్తింది బస్సుకి."
మరి పైవాళ్ళని ఎందుకన్నావు, ఇన్నేళ్ళూ?
"ఒప్పుకోని ఆరుగురూ చాపెల్లో మా బెంచీయే కదే."
తరవాత, ప్లేటు నా ముందుకి తోసి,
"ఏ బస్సని అడగవేం? నువ్వు దిగొచ్చిందే."

ఆదివారం తిరుగు ప్రయాణం.
బడి ఇప్పుడు ఎవరిదో వేసవి ఇల్లు,
కిటికీలకి తెల్ల తలుపులు, గడియలు.
డ్రైవరు వెనక టేపుతో అంటించిన నోటీసు:
ప్రయాణికులు చాలనందున ఈ మార్గం రద్దు చేసే ఆలోచన ఉన్నది.
గురువారం బహిరంగ సభ. అందరూ రావచ్చు.

బస్సులో నలుగురం, ఒక కుక్క.

గురువారం పదకొండింటికి క్లాసుంది, మానేస్తాను.
మేడం ఏమీ అనదు. మాస్టారు అనవచ్చు.
సభలో ఎవరో ఒకరు మూల కూచుని
చేతులు లెక్కపెట్టి పేర్లు రాస్తారు కదా,
ముందే వెళ్ళి చెప్పాలి వాళ్ళకి:
హెలెద్.
చివర డీలు రెండు.